రెండు కొండలు, ఒక కట్ట

గుంటూరులో గుంతకల్లు వైపు వెళ్లే రైలెక్కి కిటికీ పక్కన కూర్చుంటే, నేల రంగు మారడం తెలుస్తుంది. నరసరావుపేట దాకా రేగడి, పత్తి చేలు, మిరప కల్లాలు. వినుకొండ దాటాక రాయి పైకి తేలుతుంది. మార్కాపురం పలకల రాయికి పేరు. ఆ తర్వాత నల్లమల దగ్గరపడే చోట కంభం. వాన తక్కువైన ఆ మెట్ట సీమలో 7 కిలోమీటర్ల పొడవు, సగటున మూడున్నర కిలోమీటర్ల వెడల్పుతో ఒక చెరువు ఉంది.

ఇటలీలో కోమో సరస్సు ఒడ్డునున్న పాత పల్లెలను చూడటానికి జనం పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగొస్తారు. ఆ సరస్సు మంచునదాలు తొలిచిన పల్లం. కంభం చెరువు మాత్రం మనుషులు కట్టినది. గుంటూరు వాళ్లకు ఇదీ ఒక్కరోజు ప్రయాణమే.

దీన్ని ఒడిశా గజపతుల ఆడపడుచు, విజయనగర రాజ్యానికి కోడలైన వరదరాజమ్మ కట్టించిందని ప్రసిద్ధి. కట్టించినవారి పేరు నిలిచింది. కట్టినవాళ్ల పేర్లు తెలియవు. వాళ్ల పనితనం ఎలాంటిదో తెలుసుకోవాలంటే, కంభానికి దక్షిణాన కడప జిల్లాలోని పోరుమామిళ్ల చెరువు శాసనాన్ని తోడు తెచ్చుకోవాలి. విజయనగర రాజు బుక్కరాయల కొడుకు భాస్కరుడు 1369లో వేయించిన ఆ శాసనం మంచి చెరువుకు 12 అంగాలు, 6 దోషాలు లెక్కగట్టి చెప్పింది. అక్కడ రోజుకు వెయ్యి మంది కూలీలు, రాయి తోలడానికి వంద బండ్లు, రెండేళ్ల పని. ఆ కొలబద్దతో కంభం కట్టను చూద్దాం.

మంచి నీటి నది ఉండాలి, అది కొండల మధ్య నుంచి రావాలి, ఆ కొండల నడుమ కట్ట గట్టిగా ఉండాలి గాని మరీ పొడవు కాకూడదు అంటుంది శాసనం. నల్లమలలో పుట్టిన గుండ్లకమ్మ ఇక్కడ రెండు కొండల సందులోంచి బయటపడుతుంది. కట్ట వేసింది సరిగ్గా ఆ సందులోనే. చెరువు గట్టులో ఎక్కువ భాగం కొండలే. మనిషి పూడ్చింది వాటి మధ్యనున్న ఖాళీని మాత్రమే. గత శతాబ్దం మొదట్లో ఇంపీరియల్ గెజిటీర్ ఆ కట్ట ఎత్తు 57 అడుగులని రాసింది.

ఇందులో ఒక కిటుకు ఉంది. కట్టను నెట్టే నీటి బలం లోతును బట్టి ఉంటుంది గాని, వెనక నీళ్లు ఎంత దూరం పరుచుకున్నాయన్న దాన్ని బట్టి కాదు. వెనక 7 కిలోమీటర్ల నీళ్లున్నా, ఒక్క కిలోమీటరే ఉన్నా, లోతు ఒకటే అయితే కట్టకు తగిలే ఒత్తిడి ఒకటే. అందుకే చిన్న కట్టతో పెద్ద చెరువు సాధ్యమైంది. అయితే విశాలమైన నీటి మీద గాలి లేచిందంటే అలలు వచ్చి కట్టను కొడతాయి, మట్టిని కోస్తాయి. అందుకే నీటివైపు రాతి పేర్పు. ఇక మట్టికట్టకు చావు ఎక్కువగా పైనుంచి పొర్లే నీళ్లతోనే. ఆ గండం తప్పించడానికే అలుగు.

నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది మాత్రం కట్ట కాదు, లెక్క. నీళ్లు తక్కువై పొలం ఎక్కువైనా, పొలం తక్కువై నీళ్లు ఎక్కువైనా దోషమేనంటుంది శాసనం. గెజిటీర్ లెక్కన ఈ చెరువుకు నీళ్లు దిగే నేల 430 చదరపు మైళ్లు, నేరుగా తడిసే ఆయకట్టు 10,300 ఎకరాలు. భాగించి చూడండి: ఒక్కో ఎకరం పొలానికి దాదాపు 27 ఎకరాల కొండా అడవీ వాన పట్టి పంపాలి. వాన తక్కువైన సీమలో చెరువు తగినంత నిండాలంటే ఇంత నేల వెనక ఉండాలి. పటాలు, వర్షపాతం పట్టికలు లేని రోజుల్లో ఈ చోటు ఎంచినవాళ్లు వాగుల వెంట కాలినడకన తిరిగి ఉండాలి. ఎన్ని వరదలు చూసినవాళ్లను అడిగారో!

రెండు రాజ్యాల పొలిమేరలో చెరువు ఉండటం కూడా శాసనం చెప్పిన దోషాల్లో ఒకటి. కొండవీడు గజపతుల చేతిలో ఉన్నంత కాలం ఈ వైపంతా ఆ పొలిమేర బెడద ఉన్నదే. 1515లో కృష్ణదేవరాయలు కొండవీడు పట్టాడు. తర్వాత గజపతులతో వియ్యమూ కుదిరింది. ఓడిన ఇంటి ఆడబిడ్డ గెలిచిన రాజ్యంలో చెరువు కట్టించిందన్న కథ జనం నోట ఎందుకు నిలిచిందో, కట్ట మీద నిలబడితే అర్థమవుతుంది.

లోపం లేదనను. వానలు మొహం చాటేసిన ఏడు చెరువు అడుగు కనబడుతుంది. అది కట్ట చేసిన తప్పు కాదు. రాని నీళ్లను ఏ కట్టా ఆపలేదు. అంతర్జాతీయ నీటిపారుదల, డ్రైనేజీ కమిషన్ 2020లో దీన్ని వారసత్వ కట్టడంగా గుర్తించింది. శాసనం 12 అంగాల్లో మొదట ధర్మపరుడైన రాజును, చివర పని తెలిసిన మనుషులను చెప్పింది. కంభం చూశాక ఆ వరసను తిరగేసి చదవాలనిపిస్తుంది.

వెళ్లదలచినవారు కార్తీకంలో, వానలు వెలిశాక వెళ్లండి. కట్టెక్కి నీళ్లను చూసి వెనుదిరగకండి. ఇటు తిరిగి పొలాలనూ చూడండి. కట్టినవాళ్లు పని మొదలుపెట్టింది వాటికోసమే.