కత్తి కంటే ముందు కొలత

చొప్పదండి నవోదయ విద్యాలయంలో ఆరో తరగతిలో చేరే పిల్లలు పన్నెండు పూర్తిచేసి బయటికొచ్చేసరికి వాళ్ల ముఖాలే మారిపోతాయి. ముఖంలో అన్ని ఎముకలకన్నా ఆలస్యంగా పెరుగుదల ఆగేది కింది దవడకే. కొందరిలో అది పై దవడను దాటి ముందుకు సాగుతుంది. ఇంకొందరిలో వెనకే ఉండిపోతుంది, లేదా ఒక పక్కకు ఒరుగుతుంది. ముందు పళ్లు కలవక మక్క కంకి కొరకడం కూడా కష్టమవుతుంది. క్లిప్పులు పళ్లను జరుపుతాయి గానీ దవడను జరపలేవు. అలాంటివారికి ఎదుగుదల ఆగాక క్లిప్పులతో పాటు దవడ ఆపరేషన్ కావాలి. దాని మంచిచెడ్డలు చాలావరకు ప్రణాళిక దగ్గరే తేలిపోతాయి.

ఈ ప్రణాళిక పాత విద్యే. 1931లో అమెరికాలో బ్రాడ్‌బెంట్, జర్మనీలో హోఫ్‌రాత్ తలను కదలకుండా నిలిపి, కొలతలకు పనికొచ్చేలా ఎక్స్‌రే తీసే పద్ధతి చూపారు. 1957లో ఓబ్వెగెసర్ కింది దవడను వెనక భాగంలో లోపలి పలక, బయటి పలకగా చీల్చి జరిపే విధానాన్ని ప్రచురించారు. ఆపరేషన్‌కు ముందు డాక్టర్లు ఎక్స్‌రే మీద పల్చటి కాగితం పరిచి గీతలు గీసేవారు. పళ్లకు ప్లాస్టర్ అచ్చులు తీసి, దవడ కదలికను అనుకరించే పరికరానికి బిగించేవారు. అచ్చును రంపంతో కోసి, కొత్త చోట మైనంతో అతికి, ఆ కొలతకు పళ్ల మధ్య పెట్టే ప్లాస్టిక్ పలకను చేసేవారు. దాన్నే స్ప్లింట్ అంటారు. అది గొప్ప చేతిపని. కాకపోతే పక్క ఎక్స్‌రేలో కుడి, ఎడమ ఒకదాని మీద ఒకటి పడతాయి. ప్లాస్టర్‌లో పళ్లే ఉంటాయి, ఎముకా నరమూ ఉండవు.

కంప్యూటర్ ప్రణాళిక ఆ లోటు తీరుస్తుంది. సీటీ స్కాన్ ఎముకను చూపిస్తుంది. అందులో పళ్లు, ముఖ్యంగా క్లిప్పుల లోహం వల్ల, మసకబారతాయి కాబట్టి నోటిని విడిగా స్కాన్ చేసి రెండింటినీ కలుపుతారు. తెర మీద పుర్రెను ఏ వైపుకైనా తిప్పి చూస్తూ కోతగీతలు గీస్తారు. పై దవడ వంకరను సరిచేసి, ముక్కు గీతకూ పళ్ల మధ్యగీతకూ పొత్తు కుదురుస్తారు. కింది పెదవికి స్పర్శనిచ్చే నరం ఎక్కడ సాగుతోందో చూసుకుంటారు. రెండు దవడలూ జరపాల్సివస్తే రెండు స్ప్లింట్లు త్రీడీ ప్రింటర్ మీద తయారవుతాయి. ముందుగా కోసిన దవడను ఇంకా కోయని దవడకు సరిపెట్టేది ఒకటి, చివరి కాటును నిలిపేది రెండోది.

లెక్క తెరది, నిర్ణయం డాక్టర్‌ది. 1953 నాటి స్టైనర్ లెక్క పుర్రె అడుగుభాగంతో పై దవడకు 82 డిగ్రీలు, కింది దవడకు 80 డిగ్రీలు సగటు అంటుంది. పాశ్చాత్యుల ముఖాల మీద కట్టిన ఆ సగటుకు మన ముఖాన్ని తెచ్చి అతకకూడదు. పెదవులు వదులుగా ఉన్నప్పుడు పై పళ్లు ఎంత కనిపిస్తున్నాయి, నవ్వితే చిగురు ఎంత తేలుతోంది, గడ్డం ఎటు ఒరిగింది అన్నది మనిషిని ఎదుట కూర్చోబెట్టుకునే కొలవాలి. ఎముక ఎంత జరుగుతుందో సాఫ్ట్‌వేర్ కచ్చితంగా చెబుతుంది. దాని మీది కండ, పెదవి ఎలా కుదురుకుంటాయన్నది అంచనా మాత్రమే.

ఇంటివాళ్లకు ఇందులో పెద్ద మేలు ఇంకొకటి ఉంది. ఆపరేషన్‌కు ముందు ఏడాది, ఏడాదిన్నర క్లిప్పులు వేసి, దవడ తేడాను కప్పిపుచ్చుతూ వంగిన పళ్లను నిటారుగా నిలుపుతారు. కింది దవడ ముందుకు సాగినవారిలో ఆ నెలల్లో గడ్డం ఇంకా ముందుకొచ్చినట్టే కనిపించవచ్చు. వైద్యం చెడిందని తల్లిదండ్రులు భయపడే దశ అదే. చివరి రూపం అంచనాను తెర మీద చూసినవారికి ఆ దశ ఎందుకో అర్థమవుతుంది. చొప్పదండి నుంచి కరీంనగర్, అక్కడి నుంచి హైదరాబాద్ వెళ్లే కుటుంబానికి ఇంకో వెసులుబాటు: క్లిప్పుల డాక్టర్, సర్జన్ వేర్వేరు ఊళ్లలో ఉన్నా ఒకే ఫైల్ మీద మాట్లాడుకోవచ్చు.

ఆపరేషన్‌కు ఒప్పుకునే ముందు ప్రతి తల్లీతండ్రీ ఆ ప్రణాళికను చూపించమని అడగాలి. ఏ దవడ ఎన్ని మిల్లీమీటర్లు జరుగుతుంది, పెదవి తిమ్మిరి ఎన్నాళ్లుండవచ్చు, అది పూర్తిగా పోకుండా మిగిలే అవకాశం ఎంత అని అడిగి తెలుసుకోవాలి. ఆ ప్రశ్నలకు ఓపిగ్గా జవాబు చెప్పే డాక్టర్ ఉన్నప్పుడే ఈ కంప్యూటర్ విద్యకు సార్థకత.