సామాన్యపాఠకుని రుచి

సామాన్యపాఠకుఁడు గ్రంథమున నేమి కోరును? ఈ ప్రశ్నకుఁ బండితులు తఱచుగాఁ జెప్పు సమాధానము 'కథ' యను నొక్క మాట. తరువాత నేమి జరిగెనో తెలిసికొనవలయు నను కుతూహలమే వానిచేఁ బుటలు త్రిప్పించుననియు, శబ్దసౌష్ఠవము, అర్థగాంభీర్యము, రసపోషణము వానికిఁ బట్టవనియు, కావున వాని మెచ్చుకోలు గ్రంథగుణమునకుఁ బ్రమాణము కాఁజాలదనియు వీరి తాత్పర్యము. దీనికి మాఱుగా, ఎక్కువమంది చదివినదే యుత్తమగ్రంథమని వాదించువారును గలరు. మొదటివారు పాఠకుని మాట వినకయే తీర్పు చెప్పుచున్నారు. రెండవవారు వానిచేతనే తీర్పు చెప్పించి తాము విచారణ మానుచున్నారు. వాఁడు దేనినిఁ జదివి సంతసించుచున్నాఁడో, ఏల సంతసించుచున్నాఁడో పరిశీలించువా రరుదు. ఆ పరిశీలనమే యిచ్చట నుద్దేశింపఁబడినది.

సామాన్యపాఠకుఁ డనఁగా మూఢుఁడు కాఁడు. పరీక్షకై కాక, వృత్తికై కాక, తీఱికవేళఁ దన యిష్టముచొప్పునఁ జదువువాఁడు సామాన్యుఁడు. మహాభాష్యము చదివిన పండితుఁడు సయితము దానిని మూసి కథలపుస్తకమును దెఱచినపుడు సామాన్యపాఠకుఁడే. ఇట్టివారికొఱకే తెలుఁగునాట గ్రంథాలయోద్యమము నడచినది. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును, 1918లో వేటపాలెమున సారస్వతనికేతనమును వెలసినవి. వీనికి నడుమ 1914లో బెజవాడయం దాంధ్రదేశ గ్రంథాలయసంఘ మేర్పడినది. ఇట్టి నిలయములలో నే పుస్తకములకుఁ జోటు కల్పింపవలయు, వేనిని ద్రోసివేయవలయు నను నిర్ణయము పాఠకుని రుచినిఁ గూర్చి పెద్దలకుఁ గల యభిప్రాయముపై నాధారపడును. కాఁబట్టి యీ విచారము కేవలము వాదవినోదము కాదు.

వాక్యమును వినఁగానే దాని యర్థము తెలియుటకు మూఁడు కారణములు కావలయునని శాస్త్రకారులు నిర్ణయించిరి: ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి. ఒక పదము తన యర్థము పూర్తి యగుటకు వేఱొక పదమును గోరుట యాకాంక్ష. 'ఆవు, గుఱ్ఱము, పురుషుఁడు, ఏనుఁగు' అని వరుసగాఁ బలికినచో నందొకటి వేఱొకదానిని గోరదు. కనుక నది వాక్యము కాదు. అర్థమునకు బాధ లేకుండుట యోగ్యత. 'నిప్పుతోఁ దడుపుము' అన్నచోఁ బదములు కుదిరినను యోగ్యత లేదు. విలంబము లేక పదములను బలుకుట సన్నిధి. ఇప్పుడు 'ఆవును' అని, జాము గడచిన పిమ్మట 'తెమ్ము' అన్నచో వినువాని కేమియుఁ దెలియదు. ఈ మూఁడును వాక్యమునకే కాక వాక్యసముదాయమగు మహావాక్యమునకును వర్తించునని సాహిత్యదర్పణమున విశ్వనాథుఁడు చెప్పి, రామాయణ భారత రఘువంశముల నుదాహరించెను. గ్రంథమంతయు నొక మహావాక్య మైనపుడు దానినిఁ జదువువాని సంతోషమునకును నీ మూఁడే మూలములని చెప్పుట యుక్తము. ఈ మాట యెంతవఱకు నిలుచునో వేర్వేఱు జాతుల గ్రంథములపైఁ బరీక్షింపవలసి యున్నది.

మొదట నాకాంక్ష. మధిర సుబ్బన్నదీక్షితుల కాశీమజిలీకథలు పండ్రెండు భాగముల గ్రంథము. కాశికిఁ బయనమైన మణిసిద్ధుఁ డను యతికిఁ దోడు వచ్చుటకు గొల్లపిల్లవాఁ డొకఁ డొప్పుకొనుచు నొక నియమముఁ బెట్టును: త్రోవలోఁ దా నడిగినదాని కథను మజిలీ చేరినపిమ్మటఁ దనకుఁ జెప్పవలయును. ఇందుఁ బ్రశ్న ముందు, కథ వెనుక. ఆ పిల్లవానికి శాస్త్రము తెలియదు. కాని యడుగుట తెలియును. దీక్షితులు తమ పాఠకునే యా పిల్లవాని రూపమున గ్రంథములో నిలిపి, వాఁ డడిగినఁగాని నోరు విప్పలేదు. 1947లో వెలువడ నారంభించిన చందమామ పత్రికయందుఁ దరువాత దశాబ్దములపాటు నడచిన బేతాళకథల మర్మమును నిదియే. అచ్చటఁ గథ ముగిసినచోటనే ప్రశ్న పుట్టును. విక్రమార్కుని యుత్తరమును జదువుటకు ముందు తన యుత్తరమును సిద్ధపఱచుకొనని బాలుఁ డుండఁడు.

అపరాధపరిశోధక నవలలను దూషించుట విమర్శకులలోఁ బరిపాటి. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన యుగంధరుని కథలను దాఁచుకొని చదివినవా రెందఱో కలరు. చదివితిమని చెప్పుకొన్నవారు కొందఱే. ఆ నవలలోఁ బాఠకునికి దొరకు సంతోష మేమి? హత్య కనఁబడును, హతుఁడును గనఁబడును. వ్యాకరణపరిభాషలోఁ జెప్పినచోఁ గ్రియ కలదు, కర్మ కలదు, కర్త మాత్రము చెప్పఁబడలేదు. కర్తృపదముకొఱకు గ్రంథమంతయు నెదురుచూచుటయే యా నవల చదువుట. పాఠకుఁ డూరక యెదురుచూడఁడు. పొగను జూచి నిప్పు నూహించినట్లు దొరకిన గుర్తులనుబట్టి తానును నిర్ణయము చేయుచుండును. తన యూహ తప్పినను, గ్రంథకర్త తన కన్యాయము చేయలేదని తెలిసినపుడు నవ్వుకొని మెచ్చుకొనును. కడపటి ప్రకరణమున ముందెన్నఁడును గనఁబడని వానిని దెచ్చి నేరస్థుఁ డనినచోఁ గోపించును. ఆ కోపము శాస్త్రసమ్మతమైనది. కాఁబట్టి యాకాంక్ష చౌకబాఱు కుతూహలము కాదు. బుద్ధికిఁ బని కల్పించునది.

రెండవది యోగ్యత. జరుగఁగలదానినే పాఠకుఁడు నమ్ముననుట పొరపాటు. కాశీమజిలీకథలలో రాక్షసులు, మంత్రసిద్ధులు, యక్షకన్యలు సంచరింతురు. వాని నెవ్వఁడును దప్పుపట్టఁడు. ఆ లోకమున నవి యోగ్యములు. పాఠకుఁడు మొదట నొక యసంభవమును సంతోషముగా నంగీకరించును. అంగీకరించిన పిమ్మట దానికి విరుద్ధమైన రెండవ యసంభవమును సహింపఁడు. కందుకూరి వీరేశలింగము రాజశేఖరచరిత్రము 1878లో వివేకవర్ధని పత్రికయందుఁ బ్రకటింపఁబడ నారంభించి 1880లో గ్రంథమైనది. దానిని వ్రాయుటకుఁ బ్రేరణము గోల్డుస్మిత్తు నాంగ్లనవలయైనను, ధవళేశ్వరపు గృహస్థుఁ డగు రాజశేఖరుఁడు ముఖస్తుతులకు లొంగి ధనమును జెడఁగొట్టుకొనుట, బంగారము చేసెదనని నమ్మించిన బైరాగి యున్న బంగారమును హరించుట, తెలుఁగుపాఠకునికిఁ బరదేశపు సంగతులుగాఁ దోఁపలేదు. అట్టి ముఖస్తుతికర్తలను, అట్టి బైరాగులను వాఁ డెఱుఁగును. కథ యెరువు, యోగ్యత సొంతము.

యద్దనపూడి సులోచనారాణి 1960వ దశకమున వ్రాసిన సెక్రటరీ నవలనుగూర్చియు నిదే దృష్టితోఁ జూడవలయును. ధనవంతుఁ డగు రాజశేఖరము వంటి నాయకుఁడు లోకమున దుర్లభుఁ డని విమర్శకులు వెక్కిరించిరి. అది పాఠకురాండ్రకుఁ దెలియనిది కాదు. అద్దెపుస్తకముల దుకాణమునుండి యా నవలను దెచ్చి, మఱునాఁడు తిరిగి యీయవలసియున్నందున రాత్రి దీపముక్రిందఁ జదివిన గృహిణికిఁ దన లోక మెట్టిదో యెవరును జెప్పనక్కఱలేదు. నాయకుని సంపద యామె యంగీకరించిన మొదటి యసంభవము. ఉద్యోగము చేసి బ్రదుకు జయంతి యా సంపదయెదుట నాత్మగౌరవమును విడువకుండుటయే యామె కోరిన యోగ్యత. జయంతి రెండవ ప్రకరణముననే ధనమును జూచి తలవంచినచో, నా నాయకుఁ డెంత సుందరుఁడైనను బుస్తకము మూయఁబడెడిది. 'ఆమె యట్లు చేయదే!' యని యొక చదువరి యనినచో నది యౌచిత్యవిమర్శనమే. క్షేమేంద్రుని పేరు వినకపోయినంతమాత్రమున నౌచిత్యము తెలియకపోదు.

మూఁడవది సన్నిధి. కథయే పాఠకునికిఁ గావలసినచో, కథ లేని కాశీయాత్రచరిత్ర యేల చదువఁబడుచున్నది? ఏనుఁగుల వీరాస్వామయ్య చెన్నపట్టణపు సుప్రీముకోర్టున ద్విభాషి. 1830 మే నెలలో బయలుదేరి 1831 సెప్టెంబరులోఁ దిరిగివచ్చెను. ఆయన వ్రాసినది 1838లో నచ్చైనది. అందు మలుపులు లేవు, నాయిక లేదు. ఏ యూరి కే యూ రెంత దూరమో, దారి యిసుకయో ఱాయో, దిగుటకుఁ జావడి గలదో లేదో, అంగళ్లలోఁ గావలసిన సామాను దొరకునో దొరకదో యాయన చెప్పుచు నడచును. చదువువాఁడు వెంటనే నడచును. రెండువందల యేండ్లకు సమీపించిన కాలవ్యవధి యా వివరముల బలమునఁ దొలఁగిపోవును. ఉన్నదానిని దగ్గఱకుఁ దెచ్చుట యొక సన్నిధి. ఇదియుఁ బాఠకుని కానంద మగుచున్నదనుటచేఁ గథయొక్కటే వానికిఁ గావలయునను పూర్వపక్షము నిలువదు.

మొక్కపాటి నరసింహశాస్త్రి బారిస్టరు పార్వతీశము మొదటి భాగము 1924లో వెలువడినది. మొగలితుఱ్ఱునుండి యింగ్లండునకుఁ బయనమైన పార్వతీశము తెలియక యాఁడువారి టోపిని గొని తలఁబెట్టుకొని తిరుగును. పాఠకుఁడు నవ్వును. ఆ నవ్వులో నెగతాళి కొంత, గుర్తుపట్టుట యెక్కువ. క్రొత్తచోటఁ దెల్లఁబోవుట యెఱుఁగనివాఁ డెవఁడు? పార్వతీశము తన కథను దానే, మనకెదురుగాఁ గూర్చుండి చెప్పినట్లు చెప్పుటచేఁ జెప్పువానికి వినువానికి నడుమ నెడము లేదు. వేమన పద్యములు నోటికి వచ్చుటకును నిదియే కారణము. ఆటవెలఁది చిన్నది, ఉపమానములు వంటయింటనో వీథిలోనో దొరకునవి. ఎక్కడో యున్న తత్త్వము నింటిముంగిటికిఁ దెచ్చుటచేతనే చదువు రానివాఁడును వాని నుదాహరించుచున్నాఁడు.

ఇచ్చటఁ బండితుల దోషమును దాఁచుట ధర్మము కాదు. కర్త పుట యారంభమునను, క్రియ పుట కడపటను నుండునట్లు సమాసములఁ బేర్చి, పాఠకునికి రుచి లేదని వగచువారు మనలోఁ బెక్కుమంది. జాము గడచిన పిమ్మట 'తెమ్ము' అనుటకును దీనికిని భేద మేమి? అట్లని దోషమును గ్రాంథికభాషపైఁ ద్రోయుటయు సరికాదు. కాశీమజిలీకథలు గ్రాంథికమే, వానిని బల్లెలలో నొకఁడు చదువ నలుగురు కూర్చుండి వినిరి. దూరాన్వయము పాఠకునిఁ దఱుమును గాని, పూర్ణబిందువో యర్ధబిందువో తఱుమదు.

ఇంక నొక యాక్షేపము మిగిలినది. గజేంద్రమోక్షము కంఠస్థమైన వృద్ధురాలు దానినే ప్రతిదినమును జదువుచున్నది. మకరి చచ్చుననియు, గజేంద్రుఁడు రక్షింపఁబడుననియు నామెకుఁ జిన్ననాఁడే తెలియును. తెలిసినదానియం దాకాంక్ష యెట్లు? దీనికి శాస్త్రమే సమాధానము నిచ్చుచున్నది. ఆకాంక్ష యుత్థిత మనియు, నుత్థాప్య మనియు రెండు విధములు. 'తెమ్ము' అనఁగానే దేనిని అను ప్రశ్న తనంతఁ బుట్టును, ఇది యుత్థితము. 'ఆవును దెమ్ము' అనుటతో వాక్యము పూర్తియైనను, 'తెల్లని' యను విశేషణము చేరినపుడు దానికిఁ దగిన కోరిక క్రొత్తగా లేపఁబడును, ఇది యుత్థాప్యము. కథ నెఱుఁగనివాని యాకాంక్ష మొదటిది. కథ నెఱిఁగినవాని యందుఁ గవి లేపున దీ రెండవది. విష్ణువు లక్ష్మికిఁ జెప్పకయే పరుగెత్తు ఘట్టము వచ్చుచున్నదని యా వృద్ధురా లెఱుఁగును, ఎఱిఁగి యెదురుచూచును. ఏమగునో యను భయము పోయినచోట నెట్లు చెప్పఁబడునో యను వేడుక నిలుచును. అర్ధమాత్ర తగ్గినచోఁ బుత్రోత్సవముగా భావించు వైయాకరణునికి నీ పునఃపఠనము వ్యర్థముగాఁ దోఁపవచ్చును. పాఠకుఁడు మాత్రము లాఘవము కోరఁడు. తనకుఁ బ్రియమైనది మఱల వినఁగోరును.

అట్లయినచో బహుజనప్రియ మగు ప్రతిగ్రంథము నుత్తమమే యనవచ్చునా? అనరాదు. ఆకాంక్షాదులు మూఁడును గుదిరినచోఁ బదసముదాయము వాక్యమగును. అంతమాత్రమున సూక్తి కాదు. 'ఆవును దెమ్ము' అనునది నిర్దోష మగు వాక్యమే. కాని దాని నెవ్వఁడును జ్ఞప్తియం దుంచుకొనఁడు. అట్లే యొక్కరాత్రిలోఁ జదువఁబడి మఱునాఁటికి మఱవఁబడు గ్రంథములు వాక్యము లగును గాని కావ్యములు కావు. రసధ్వనులచే నుత్తమత్వము గలుగునను పండితుల సిద్ధాంతమునకు దీనిచే బాధ లేదు. బాధ గలుగునది వేఱొక భ్రమకు. వాక్యమే కాని పదరాశి కావ్యము కానేరదు. ఆకాంక్షను లేపక, యోగ్యతను బాటింపక, సన్నిధిని విడిచి వ్రాయఁబడిన గ్రంథమునందు రసము గలదని చెప్పుట పునాది లేని మేడకు శిఖర ముత్తమమైనదని చెప్పుట వంటిది.

కాఁబట్టి సామాన్యపాఠకుని రుచి గ్రంథపరీక్షలోఁ గడపటి మెట్టు కాదు, మొదటి మెట్టు. దానిని దాఁటి పైకిఁ బోవలయును గాని ప్రక్కనుండి పోఁగూడదు. గ్రంథాలయమున భాగవతమునకును యుగంధరుని కథలకును జోటుండవలయును. ఒక గ్రంథమునఁ బ్రశ్నించుట నేర్చినవాఁడు వేఱొక గ్రంథమున నుత్తరముకొఱకు నిలుచుటయు నేర్చును. చదువరి యొక పుస్తకమును నడుమనే మూసి ప్రక్కఁబెట్టినపుడు వానికి రుచి లేదని విమర్శకుఁ డనవచ్చును. అనుటకు ముందు, ఆ మూఁటిలో నేది లోపించెనో యా పుస్తకమును దెఱచి చూచుట విమర్శకుని ధర్మము.