పెంకు పార్టీ నుంచి ఒక ఓటు

ఈ వారం సముద్రం దగ్గరి ఒక ఊళ్లో హైస్కూలు కొత్త గదుల స్లాబు మీద మడులు కట్టి నీళ్లు నిలిపారు. కాంక్రీటును తడిపే క్యూరింగంటే పొద్దున్నే ఒకసారి పైపు పట్టి వెళ్లిపోవడమేనన్న ఈ రోజుల్లో, ఆ మేస్త్రీకి దండం పెట్టాలనిపించింది.

పాత పాఠకులకు తెలుసు, నేను బంగాళా పెంకు పార్టీ. ఏప్రిల్ మధ్యాహ్నం స్లాబు కింద పిల్లలకు లెక్కలేం ఎక్కుతాయి? పెంకుల సందుల్లోంచి వేడి పైకి పోతుంది. స్లాబు పగలంతా తాగిన ఎండను కిందికే దించుతుంది. పైగా వరండా ఎత్తేస్తారు, సజ్జను జానెడు చేస్తారు, గోడలకు మాత్రం మూడు రంగులు!

కానీ ఆ ఊరు సముద్రం దగ్గరనగానే దివిసీమ గుర్తొచ్చింది. 1977 నవంబరు 19న అక్కడ వచ్చిన ఉప్పెనకు పెంకు, తాటాకు, మట్టిగోడ ఏవీ ఆగలేదు. తర్వాత తీరం వెంబడి తుఫాను షెల్టర్లు కట్టారు. స్తంభాల మీద ఎత్తుగా కాంక్రీటు గదులు, కింద నీళ్లు పోయే ఖాళీ. తుఫాను లేని రోజుల్లో చాలాచోట్ల వాటిలో బడి నడిపారు. అది మంచి తెలివి. రోజూ పిల్లలు మసిలే గదికి తలుపులుంటాయి, ఊడ్చే మనిషి ఉంటాడు. ఖాళీగా వదిలేసిన షెల్టరుకైతే అవసరానికి తాళంచెవే దొరకదు.

ఆ షెల్టర్లు కొన్ని పెచ్చులూడి, ఊచలు తేలి, పిల్లలు అడుగుపెట్టలేని స్థితికి వచ్చాయి. ఆ పని చేసింది తుఫాను గాలి కాదు, రోజూ వీచే ఉప్పుగాలి. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి కాంక్రీటును లోపలినుంచే చీలుస్తుంది. సరిగా తడపని కాంక్రీటు గుల్లగా ఉండి ఉప్పుకు దారిస్తుంది. అందుకే కాంక్రీటు పనుల కోడ్ ఐఎస్ 456 ఎండ ముదిరినచోట కనీసం 10 రోజులు తడపమంటుంది. మామూలు స్లాబులో ఊచను కప్పే కాంక్రీటు మందం, అంటే కవర్, 20 మి.మీ. చాలన్న ఆ కోడే సముద్రతీరంలో 45 మి.మీ. అడుగుతుంది. తేడా ఒక్క అంగుళం.

తీరంలో బడికి నా ఓటు కాంక్రీటుకే. పెంకు మీద మోజు మెట్ట ఊళ్లకు దాచుకుంటాను.

బడి కమిటీలో ఉన్న తల్లిదండ్రులు స్లాబు పోసే ముందురోజు టేపు పట్టుకుని సెంట్రింగ్ ఎక్కండి. ఊచల కింద ఆ మందాన్ని నిలిపే కవర్ బ్లాకులు లేకపోతే కాంక్రీటు పోయనివ్వకండి.