ఓడిపోయేవాడి విద్య

ఎనిమిది మందితో నాకౌట్ టోర్నమెంట్ పెడితే ఏడు పోటీలు జరుగుతాయి. పదహారు మందైతే పదిహేను. ఎంతమందిని దింపినా లెక్క ఇంతే, ఒక్కడు తప్ప అందరూ ఒక్కోసారి ఓడాలి. క్రికెట్‌లోనో టెన్నిస్‌లోనో ఈ లెక్కను ఎవరూ పట్టించుకోరు. కప్పు ఎత్తినవాణ్ణి చూసి సంతోషంగా ఇంటికి పోతారు. ప్రొఫెషనల్ రెజ్లింగ్‌లో మాత్రం అసలు సంగతంతా ఈ లెక్కలోనే ఉంది. అక్కడ ఎవరు గెలవాలో ముందే అనుకుంటారు కాబట్టి, కొత్త చాంపియన్‌ను జనం చాంపియన్‌గా ఒప్పుకోవాలంటే మిగతావాళ్లు ఎలా ఓడారన్నదే ముఖ్యం. చిన్నప్పటి నుంచి ఈ ఆట చూస్తున్నాను. వయసు పెరిగేకొద్దీ నా చూపు బెల్టు ఎత్తినవాడి నుంచి కింద పడ్డవాడి మీదికి మళ్లింది.

మా గోపన్‌పల్లి నుంచి గౌలిదొడ్డి, విప్రో సర్కిల్ మీదుగా పోతే గచ్చిబౌలి స్టేడియం పెద్ద దూరమేం కాదు. అక్కడి జి.ఎం.సి. బాలయోగి ఇండోర్ స్టేడియంలో 2023 సెప్టెంబరు 8న, శుక్రవారం సాయంత్రం, అమెరికా రెజ్లింగ్ సంస్థ డబ్ల్యూడబ్ల్యూఈ వాళ్లు ‘సూపర్‌స్టార్ స్పెక్టకిల్’ జరిపారు. 2017 డిసెంబరులో ఢిల్లీలో ఆడి వెళ్లాక వాళ్లు మన దేశంలో మళ్లీ రింగ్ వేసింది అప్పుడే. ఆఫీసు ట్యాగు మెడలో ఉండగానే పరుగెత్తుకొచ్చినవాళ్లు, పిల్లలను భుజాలెక్కించుకున్న తండ్రులు, ఒకటే కోలాహలం. చివరి పోటీలో జాన్ సీనా, సెత్ రోలిన్స్ జతగా దిగారు. ఎదుటి జట్టు లుడ్విగ్ కైజర్, జియోవాని విన్చీ. జనం వచ్చింది ప్రధానంగా సీనా కోసమే, అది సహజం. నేను ఇంటికి తీసుకెళ్లింది మాత్రం వేరే పోటీని. గుంథర్ చేతిలో శాంకీ ఓడిపోయిన పోటీని.

శాంకీ హర్యానా కుర్రాడు, ఏడడుగుల మనిషి. గ్రేట్ ఖలీ జలంధర్‌లో పెట్టిన శిక్షణ కేంద్రంలో తయారై అమెరికా దాకా వెళ్లాడు. ఇటు గుంథర్ ఇంటర్‌కాంటినెంటల్ చాంపియన్. ఆ బెల్టు అతని నడుముకెక్కి ఆనాటికి 455 రోజులు. హాంకీ టాంక్ మ్యాన్ అనే రెజ్లర్ పేరిట 1988 నుంచి చెక్కుచెదరకుండా ఉన్న 454 రోజుల రికార్డు సరిగ్గా ఆ రోజే చెరిగిపోయింది. అంటే ఒక చరిత్ర మన గచ్చిబౌలిలో తిరగరాసుకుంటున్న రోజున, ఆ చాంపియన్ ఎదుట నిలబడి, తన దేశపు జనం ముందు ఓడిపోవలసిన పని శాంకీది. తనవాళ్ల ముందు ఓడటం ఎవరికైనా కష్టమే. అతను ఆ పని చేశాడు. ఏడడుగుల మనిషి వెల్లకిలా పడినప్పుడు రింగ్ చేసిన చప్పుడు పై వరుసల దాకా వచ్చింది. ఆ చప్పుడుతో గుంథర్ మా కళ్లకు మరో జానెడు పెరిగాడు. తర్వాత రెండు వారాలు తిరగకముందే సంస్థ శాంకీని వదిలేసిందని వార్త చదివి బాధపడ్డాను.

ఆ బెల్టు పుట్టుక కథ కూడా ఇక్కడ చెప్పుకోవాలి. 1979లో పాట్ ప్యాటర్సన్ బ్రెజిల్‌లోని రియో డి జనీరోలో ఒక టోర్నమెంట్ గెలిచి మొదటి ఇంటర్‌కాంటినెంటల్ చాంపియన్ అయ్యాడని ప్రకటించారు. ఆ టోర్నమెంట్ జరగనే లేదు. అంతకుముందు 1963లో అదే సంస్థ తన మొట్టమొదటి ప్రపంచ చాంపియన్‌గా బడ్డీ రోజర్స్‌ను ప్రకటించినప్పుడూ రియోలో గెలిచాడనే చెప్పింది. అదీ జరగని టోర్నమెంటే. అంటే కాగితం మీద చాంపియన్‌ను చేయడానికి పోటీలూ అక్కర్లేదు, ఓడినవాళ్లూ అక్కర్లేదు. ఒక ప్రకటన చాలు.

కానీ 1963 మే 17న న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ఏం జరిగిందో చూడండి. అదే బడ్డీ రోజర్స్, అప్పటికి ఆ వ్యాపారంలోనే పెద్ద పేరున్నవాడు, బ్రూనో సమ్మార్టినో అనే ఇటలీ వలస కుర్రాడి చేతిలో 48 సెకన్లలో ఓడిపోయాడు. అంత పేరున్నవాడు నిమిషం కూడా నిలవలేకపోయాడంటే ఓడించినవాడి భుజాల్లో ఎంత బలం ఉండాలి? హాల్లో కూర్చున్న ప్రతివాడి మనసులోనూ ఆ ప్రశ్న పుట్టింది. సమ్మార్టినో ఏడేళ్లకు పైగా చాంపియన్‌గా ఉన్నాడు. జరగని టోర్నమెంట్ రోజర్స్‌కు బెల్టు మాత్రమే ఇచ్చింది. రోజర్స్ ఓటమి సమ్మార్టినోకు జనం నమ్మకాన్ని ఇచ్చింది. రెండోది ఎక్కువకాలం మన్నింది.

టోర్నమెంట్ నడిపే విద్యను నేను బాగా అర్థం చేసుకున్నది 1988 మార్చి 27 నాటి రెజిల్‌మేనియా 4 నుంచి. ప్రపంచ చాంపియన్ బెల్టు ఖాళీ అయింది. అట్లాంటిక్ సిటీలో పద్నాలుగు మంది దిగారు, అంతా ఒకే రాత్రి తేలాలి. రాండీ సావేజ్ ఆ రాత్రి నాలుగుసార్లు రింగ్ ఎక్కాడు, ప్రతిసారీ కొత్త దుస్తుల్లో. గెలిచిన సావేజ్ అందరికీ గుర్తే. ఓడిన నలుగురినీ వరసగా చూడండి. బుచ్ రీడ్ తాళ్ల పైకెక్కి, దూకకుండా గొప్పలు పోతూ నిలబడి కిందపడ్డాడు. గ్రెగ్ వాలెంటైన్ తన పేరు మోసిన కాలి పట్టు వేయబోతూ, అందులోనే చుట్టుకుపోయి దొరికిపోయాడు. వన్ మ్యాన్ గ్యాంగ్ కర్రతో కొట్టబోయి అనర్హుడయ్యాడు. ఫైనల్లో టెడ్ డిబియాసీ, అంతా డబ్బుతో కొనవచ్చనుకున్న పాత్ర, సావేజ్‌కు తోడొచ్చిన హల్క్ హోగన్ కుర్చీతో కొట్టాక, ఆఖరికి సావేజ్ పైనుంచి దూకి వేసిన మోచేతి దెబ్బకు లొంగాడు.

నాలుగు ఓటములు, నాలుగు కారణాలు. ఒకడు అహంకారం వల్ల, ఒకడు ఎదుటివాడి తెలివి వల్ల, ఒకడు తన దుడుకుతనం వల్ల, చివరివాడు బయటివాడి జోక్యం వల్ల ఓడారు. నలుగురిలో ఎవడూ చులకన కాలేదు, మర్నాడు ఇంకో ఊళ్లో తలెత్తుకుని రింగ్ ఎక్కగలిగారు. అదే సమయంలో సావేజ్ ఒక్కో మెట్టూ ఎక్కుతున్నట్టు కనిపించాడు. పోటీలు కూర్చేవాణ్ణి ఆ వ్యాపారంలో బుకర్ అంటారు. చాంపియన్‌గా ఎవణ్ణి ఎంచుకున్నాడన్నది బుకర్ పనిలో సులువైన భాగం. మిగిలినవాళ్లలో ఎవడు ఏ కారణంతో ఓడాలో, ఏ కారణాన్ని రెండోసారి వాడకూడదో తేల్చడంలోనే అతని పనితనం తెలుస్తుంది.

ఈ ఆట చూస్తానని చెప్పగానే ఎదురయ్యే మాట ఒకటుంది: “అదంతా ఉత్తుత్తిదే కదండీ.” వాళ్లకు నేను ‘నర్తనశాల’ గుర్తుచేస్తాను. 1963లో వచ్చిన ఆ సినిమాలో భీముడి వేషం దండమూడి రాజగోపాల్‌ది. ఆయన నటుడి కన్నా ముందు వెయిట్ లిఫ్టర్, విజయవాడ ఇండోర్ స్టేడియానికి ఆయన పేరే పెట్టారు. నిజంగా బలమున్న మనిషి. ఎదుట కీచకుడు ఎస్వీ రంగారావు. కీచకుడు చస్తాడని థియేటర్‌లో ప్రతి ఒక్కరికీ తెలుసు, వేల ఏళ్లుగా తెలుసు. అయినా ఊపిరి బిగబట్టి చూశారు. ఎందుకని? రంగారావు ఆ కీచకుణ్ణి అంత మదంతో, అంత ఠీవితో నిలబెట్టాడు కాబట్టి. అంతటివాడు కూలితేనే భీముడి బలం మనకు అందుతుంది. జకార్తాలో జరిగిన ఆఫ్రో ఆసియా చిత్రోత్సవంలో ఉత్తమ నటుడి బహుమతి ఓడిపోయిన కీచకుడికే వచ్చింది. నాకు తెలిసి ఓడేవాడి విద్యకు ఒక తెలుగువాడికి దక్కిన అతిపెద్ద గౌరవం అదే. కీచకవధను ఉత్తుత్తిదని ఎవరం అనలేదు. రెజ్లింగ్‌ను మాత్రం ఎందుకు అనాలి?

పైగా ఫలితం ముందే రాసుకోవచ్చు గానీ, పడటం రాసుకుంటే సరిపోదు, పడాలి. రింగ్ అంటే ఇనుప చట్రం, దాని మీద చెక్క పలకలు, ఆ పైన పలుచటి ఫోమ్, దాని మీద బిగించిన కాన్వాస్. పరుపేం కాదు. దాని మీద వెల్లకిలా పడటాన్ని బంప్ అంటారు. గదమ ఛాతీకి ఆనించి తల వెనక్కి వాలకుండా చూసుకోవాలి. వీపు పైభాగమంతా ఒక్కసారే తగలాలి, మోచేతులు ఆనించకూడదు. రెండు చేతులూ చాచి అరచేతులతో కాన్వాస్‌ను కొట్టాలి. ఊపిరి బిగబట్టకుండా వదిలేయాలి. అప్పుడు దెబ్బను ఒక్కచోట గుచ్చుకోకుండా ఒళ్లంతా పంచుకుంటుంది. ఇదంతా రెప్పపాటులో, ప్రతి పోటీలో, ఏళ్ల తరబడి.

గోపన్‌పల్లి తండా వైపు ఒక రేకుల షెడ్డులో పొద్దున్నే కొందరు కుర్రాళ్లు కుస్తీ నేర్చుకుంటారు. ఎక్కువమంది సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు, తొమ్మిదింటికల్లా స్నానం చేసి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ బస్సు ఎక్కేవాళ్లు. నేర్పే పెద్దాయన పాతబస్తీ తాలింఖానాలో మట్టి మీద పెరిగాడు, అందరికీ ఉస్తాద్. నడకకు వెళ్లినప్పుడల్లా ఆగి చూస్తాను. ఒక రోజు కొత్తగా చేరిన అబ్బాయి వెల్లకిలా పడుతూ పైకప్పు వైపు చూస్తున్నాడు. ఉస్తాద్ వచ్చి పక్కన కూర్చున్నాడు. “ఆకాశం జూడకు బేటా. నీ నడుం పట్టీ జూడు. తలకాయ దానంతటదే లోపలికొస్తది.” అబ్బాయి మళ్లీ పడ్డాడు, ఈసారి అరచేతులు చాపను కొట్టిన చప్పుడు ఫట్టుమని వచ్చింది. పదేపదే పడ్డాక లేచి అడిగాడు. “ఉస్తాద్, ఎదుటోణ్ని ఎత్తేసుడు ఎప్పుడు నేర్పుతరు?” పెద్దాయన తువ్వాలు భుజాన వేసుకుంటూ అన్నాడు. “నువ్వు సక్కగ పడ్తవని తెలిస్తెనే ఎదుటోడు నిన్ను నమ్మి పైకెత్తుతడు. ముందు గా నమ్మకం తెచ్చుకో.”

ఆయన చెబుతున్నది సాధన సంగతి. దంగల్‌లో దిగితే ఎదుటివాడు నమ్మినా నమ్మకపోయినా ఎత్తేస్తాడు. కానీ ప్రొఫెషనల్ రెజ్లింగ్ మొత్తం ఆ ఒక్క మాట మీదే నిలబడి ఉంది. పైకి లేచినవాడు తన మెడను ఎదుటివాడి చేతుల్లో పెడతాడు. ఎత్తినవాడి బలంగా మనకు కనిపించేదాంట్లో సగం, లేచినవాడు సమయానికి వేసిన గెంతు. బాధను ముఖంలో, నడకలో, పట్టుకున్న నడుంలో జనానికి అందించడాన్ని వాళ్లు సెల్ చేయడం అంటారు. మొదటి రౌండ్‌లో మోకాలికి దెబ్బ తగిలిందంటే ఫైనల్లోనూ ఆ కాలు ఈడ్చాలి. మధ్యలో మరిచిపోతే ఆ రాత్రి కథంతా కూలిపోతుంది. నిజంగా దెబ్బ తగిలితే రిఫరీ రెండు చేతులూ తలపైన అడ్డంగా పెట్టి సైగ చేస్తాడు. అప్పుడు ఇద్దరు శత్రువులూ ఒక్క క్షణంలో తోటి పనివాళ్లయిపోతారు.

మన కోడి రామమూర్తి నాయుడు గుండెల మీద ఏనుగును నిలబెట్టుకున్నాడంటే అందులో రెండో మనిషి సాయం లేదు. ఆ బలం పూర్తిగా ఆయనదే, అందుకే కలియుగ భీముడన్నారు. రెజ్లింగ్ చాంపియన్ పేరు అలా ఒంటరిగా రాదు. అది ఇద్దరు కలిసి సంపాదించి ఒకరి పేరిట రాసే ఆస్తి. ఆ లెక్క తెలిసినవాళ్లు ఓడినవాడికి ముందుగా నమస్కారం పెడతారు.

ఇప్పుడు ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మన దేశంలో ఈ ఆట సొంత కాళ్ల మీద నిలబడాలని చూస్తోంది. 2012లో కలర్స్ చానల్లో ‘రింగ్ కా కింగ్’ వచ్చింది. అమెరికా సంస్థ టీఎన్‌ఏ సాయంతో పుణెలో తీశారు. మొదటి చాంపియన్ కోసం టోర్నమెంటే పెట్టారు, గెలిచింది అమెరికన్ మాట్ మోర్గన్. ఒక్క సీజన్‌తో ఆగిపోయింది. 2015 నుంచి ఖలీ జలంధర్‌లో కుర్రాళ్లను తయారుచేస్తున్నాడు. పెద్ద సంస్థల అండ లేకుండా, తామే రింగ్ బిగించుకుని, తామే టికెట్లు అమ్ముకుని ఆడే చిన్న బృందాలను ఇండిపెండెంట్ అంటారు. వాళ్ల చేతిలో టీవీ ఉండదు, బాణసంచా ఉండదు. ఖాళీ బెల్టు, ఒక రాత్రి, ఎనిమిది మంది మనుషులు ఉంటారు. కాబట్టి అక్కడ పడటం తెలిసినవాడి విలువ మరింత ఎక్కువ.

ఫంక్షన్ హాళ్లకూ, ఆట చూసే కుర్రకారుకూ మన గచ్చిబౌలి, కొండాపూర్, నల్లగండ్లల్లో కొదవ లేదు. ఏదో ఒక రోజు ఇక్కడా అలాంటి టోర్నమెంట్ పెడతారని నమ్ముతున్నాను. పెట్టేవాళ్లకు నా మనవి ఇది. ఓడేవాడికీ గెలిచేవాడికీ ఒకే పారితోషికం ఇవ్వండి, ఇద్దరి వీపూ తగిలేది ఒకే చెక్కకు. హాలు బయట అంబులెన్సు లేకుండా మొదటి గంట కొట్టవద్దు. ఏడాదైనా పడటం నేర్చుకోనివాణ్ణి, ఎంత కండ ఉన్నా, రింగ్ ఎక్కనివ్వవద్దు. పోస్టర్ మీద ఇద్దరి పేర్లూ ఒకే అక్షరాల సైజులో వేయండి. ఇవి పాటించిన టోర్నమెంట్‌కు నేను టికెట్ కొంటాను, మా వీధి కుర్రాళ్ల చేతా కొనిపిస్తాను.