కోల్మన్స్‌కోప్: ఇసుక గదుల ఫొటోలు

ఊరి పేరు తెలియకపోయినా ఆ ఫొటో మీరు చూసే ఉంటారు. లేత నీలం గోడ, దాని మీద అచ్చు పెట్టి వేసిన రంగుల అంచు, సగం తెరిచిన తలుపు, ఆ తలుపులోంచి దిగి కిటికీ ఎత్తు దాకా పేరుకున్న ఇసుక. క్యాలెండర్ల మీదా, సంగీత ఆల్బమ్‌ల అట్టల మీదా ఆ గదులు కనిపిస్తూనే ఉంటాయి. ఆ ఇళ్లు నమీబియాలో, లూడెరిట్జ్ రేవుకు దాదాపు 10 కిలోమీటర్ల దూరాన, ఎడారిలో ఉన్న కోల్మన్స్‌కోప్ అనే ఊరివి.

1908లో రైలు పట్టాల మీది ఇసుక ఎత్తిపోస్తున్న జకారియస్ లెవాలా అనే కూలీకి ఒక మెరిసే రాయి దొరికింది. తెచ్చి పై ఉద్యోగి ఔగుస్ట్ స్టౌఖ్‌కు చూపించాడు. అది వజ్రం. స్టౌఖ్ కోటీశ్వరుడయ్యాడు (తర్వాత అంతా పోగొట్టుకున్నాడనుకోండి). లెవాలాకు దక్కింది ఏమీ లేదు. అప్పటి జర్మన్ వలస ప్రభుత్వం ఆ నేలంతటినీ నిషిద్ధ ప్రాంతంగా ప్రకటించింది. చెట్టూ చేమా లేని చోట ఆసుపత్రి, ఐసు ఫ్యాక్టరీ, నాటకాలకూ నాట్యాలకూ పెద్ద హాలు లేచాయి. మొదటి ప్రపంచయుద్ధం తర్వాత వజ్రాల ధర పడిపోయింది. 1928 ప్రాంతంలో దక్షిణాన ఆరెంజ్ నది సముద్రంలో కలిసే చోట ఇంకా పెద్ద నిల్వలు బయటపడ్డాయి. పని అటు మళ్లింది, జనమూ అటే వెళ్లారు. 1956 నాటికి ఊరు పూర్తిగా ఖాళీ. తలుపులు వేసేవాళ్లు లేకపోయేసరికి ఇసుక లోపలికొచ్చింది.

1990ల్లో నమీబియా ఫొటోగ్రాఫర్ హెల్గా కోల్ ఈ గదులను ఫిల్మ్ మీద తీశారు. స్పెయిన్‌కు చెందిన ఆల్వారో సాంచెస్ మోంతాన్యేస్ ‘ఇండోర్ డెజర్ట్’ పేరుతో ఒక వరస తీశాడు. ఆ తర్వాత వచ్చినవాళ్లకు లెక్కలేదు. చూడ్డానికి సులువుగా కనిపించే పనే గానీ, గదిలో అడుగుపెట్టగానే తెలుస్తుంది తంటా. మొదటి చిక్కు వెలుగుది. కిటికీ అవతల ఎడారి ఎండ కళ్లు చెదరగొడుతుంటే గది మూల చీకటిగా ఉంటుంది. మన కన్ను రెండింటినీ సర్దుకుంటుంది, కెమెరా సర్దుకోదు. మూల కనబడేట్టు తీస్తే కిటికీ తెల్లగా కాలిపోతుంది, కిటికీ కోసం తీస్తే ఇసుక నల్లబడుతుంది. అందుకని కెమెరాను ట్రైపాడ్ మీద కదలకుండా నిలిపి, అదే దృశ్యాన్ని మూడు నుంచి ఐదుసార్లు వేర్వేరు ఎక్స్‌పోజర్లతో తీసి తర్వాత కలుపుతారు. బ్రాకెటింగ్ అంటారు దీన్ని. ఇక్కడే చాలామంది ఉత్సాహం ఎక్కువై చెడగొడతారు. నీడలన్నీ తుడిచేసి, రంగులన్నీ రెచ్చగొట్టి, గదిని మిఠాయి కొట్టులా తయారుచేస్తారు. నీడ లేని ఇసుకకు ఒంపు ఉండదు. పక్క కిటికీ నుంచి ఏటవాలుగా పడే పొద్దుటి వెలుగులోనే గాలి వేసిన చారలు ఒక్కొక్కటిగా కనబడతాయి. తీరం నుంచి పొగమంచు కమ్ముకొచ్చిన రోజున గోడల లేత రంగులు ఇంకా బాగా పలుకుతాయి. మామూలు సందర్శకులకు పగటిపూట కొన్ని గంటలే అనుమతి. తెల్లవారుజామునుంచి సాయంత్రం దాకా ఉండాలంటే ఫొటోగ్రాఫర్ల పర్మిట్ వేరే తీసుకోవాలి.

రెండో చిక్కు అడుగులది. ఇసుకలో ఒక్క అడుగు పడిందా, ఇక ఆ ఫొటో నిన్న వచ్చిన టూరిస్టుదే. రాత్రి గాలి వాటిని చెరిపేస్తుంది కాబట్టి పొద్దున్నే ముందుగా చేరినవాళ్లదే అదృష్టం. తెలిసినవాళ్లు గదిలోకి వెళ్లరు, గుమ్మంలోనే ఆగి తీస్తారు. ఒక తలుపులోంచి ఇంకో తలుపు, దానిలోంచి మరొకటి కనబడే ఆ ప్రసిద్ధ చిత్రాలకు మూలం అందంతో పాటు ఈ జాగ్రత్త కూడా. ట్రైపాడ్ కాళ్లు ఇసుకలోకి బాగా నొక్కి, అది కుదురుకునే దాకా ఆగాలి. ఆగకపోతే షట్టర్ తెరుచుకున్నప్పుడే కిందికి దిగి బొమ్మ అలుక్కుపోతుంది. లోపల లెన్సు మార్చడం మాట తలపెట్టకూడదు. కెమెరాను పైకో కిందికో వంచితే ద్వారబంధాలు వాలిపోతాయి, మట్టంగా పెట్టాలి. పాడుబడ్డ ఇంట్లో ఇసుక ఒక్కటే ఏటవాలుగా ఉండాలి, గోడలు నిటారుగా ఉండాలి. ఆ రెండింటి పెనుగులాటే బొమ్మకు ప్రాణం.

ప్రదర్శనకు వచ్చేసరికి మనిషి నిలువెత్తు ప్రింట్లు వేస్తారు, చూసేవాడికి ఆ గుమ్మం ముందే నిలబడ్డట్టుండాలని. మెరుపు కాగితం మీద గ్యాలరీ దీపాలు ప్రతిఫలిస్తాయి. మెరుపు లేని కాగితమైతే ఇసుక రేణువు చేతికి తగిలేలా ఉంటుంది. ఇంతవరకూ సరే. కానీ గోడ మీద ‘శీర్షిక లేదు, 7’ అని ఒక చిన్న చీటీ పెట్టి ఊరుకోవడం నాకు నచ్చదు. అది ఎవరి గది? ఎవరు కట్టారు? ఎవరు ఊడ్చేవాళ్లు?

ఈ ప్రశ్నలు అడిగితే అసలు లోటు బయటపడుతుంది. ఆ ఊళ్లో జర్మన్ పెద్దలు దాదాపు 300 మంది, పిల్లలు 40 మంది ఉండేవాళ్లు. ఒప్పందం మీద ఉత్తరం నుంచి వచ్చిన ఒవాంబో కార్మికులు దాదాపు 800 మంది. ప్రచారంలో ఉన్న ఫొటోలు చాలావరకు మేనేజరు ఇల్లు, టీచరు ఇల్లు, అకౌంటెంటు ఇల్లు. 800 మంది పడుకున్న చోటు వాటిలో ఎక్కడో గానీ కనబడదు. ఆసుపత్రిలోని ఎక్స్‌రే యంత్రాన్ని ఊరి ఘనతగా చెబుతారు. కూలీలు వజ్రాలు మింగారేమో చూడటానికి కూడా దాన్ని వాడేవారని అదే నోటితో చెబుతారు. లెవాలా ఇసుక ఎత్తిపోసిన ఆ రైలు మార్గం వేసిన పనిలో లూడెరిట్జ్ పక్కనున్న షార్క్ దీవి నిర్బంధ శిబిరపు హెరెరో, నామా తెగల ఖైదీల చెమటా, ప్రాణాలూ ఉన్నాయి. నీలం గోడ అందంగా ఉంది, కాదనను. ఆ అందం దగ్గరే ఆగిపోయిన ఫొటో సగం పని చేసినట్టే.

పూర్తి పని చేసినవాళ్లు పక్క దేశంలోనే ఉన్నారు. దక్షిణాఫ్రికా బంగారు గనుల పట్టణం రాండ్‌ఫోంటెయిన్‌లో పుట్టిన డేవిడ్ గోల్డ్‌బ్లాట్, 1960ల్లో గనులు మూతపడుతున్న కాలంలో కెమెరాతో తిరిగాడు. రచయిత్రి నాడిన్ గోర్డిమర్‌తో కలిసి 1973లో ‘ఆన్ ద మైన్స్’ పుస్తకం తెచ్చాడు. అందులో పాడుబడ్డ కట్టడాలూ ఉన్నాయి, కూలీల వసతిలో కాంక్రీటుతో పోసిన పడక అరలూ ఉన్నాయి. ఫొటో కింద అది ఏ చోటు, ఏ గని, ఏ సంవత్సరం అన్నది వివరంగా రాయడం అతని పద్ధతి. జపాన్‌లో ఇక్కో నరహారా దారి వేరు. బొగ్గు గనుల దీవి హషిమాను ఊరు బతికుండగానే తీసి, 1956లో టోక్యోలో మొదటి ప్రదర్శన పెట్టాడు. ఆ గని 1974లో మూతపడింది, నెలల్లోనే జనమంతా వెళ్లిపోయారు. ఈ రోజు హషిమా శిథిలాలను ఎవరు తీసినా, నరహారా బొమ్మల్లోని ముఖాలు చూశాకే ఆ కిటికీలకు అర్థం వస్తుంది.

మనకు దగ్గరలో కోలార్ బంగారు గనులు ఉన్నాయి. 3 కిలోమీటర్లకు పైగా లోతు తవ్విన గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. ‘కేజీఎఫ్’ సినిమా పుణ్యమా అని ఆ పేరు దేశమంతా తెలిసింది. ఇప్పుడు సైనైడ్ దిబ్బల మీద ఫొటోలకు జనం వెళ్తున్నారు. కానీ ఆ ఊరు ఖాళీ కాలేదు. తమిళం, తెలుగు, కన్నడం మాట్లాడే కుటుంబాలు ఇప్పటికీ అక్కడ ఉన్నాయి. ఎందరో రోజూ రైలెక్కి బెంగళూరు పనికి పోయి వస్తారు. పాడుబడ్డ ఊరు అని పేరు పెట్టి షాఫ్టు గోపురాలు మాత్రమే తీసుకురావడం వాళ్లను లేనివాళ్ల కింద జమకట్టడమే.

కెమెరా పట్టుకుని అటు వెళ్లేవాళ్లకు ఒక మనవి. షాఫ్టు తీయండి, దిబ్బలు తీయండి, పెచ్చులూడిన బంగళాలు తీయండి. కూలీల ఇళ్ల వరసల్లోకి, అంటే లైన్లలోకి కూడా వెళ్లండి. పని చేసినవాళ్లను అడిగి వాళ్లనూ, వాళ్లు దాచుకున్న పాత ఫొటోలనూ తీయండి. వాళ్లు ఒప్పుకుంటే ప్రతి ప్రింటు వెనకా పెన్సిలుతో మనిషి పేరు, లైను, దిగిన షాఫ్టు, సంవత్సరం రాయండి. ప్రదర్శన పెడితే మొదటి రోజు ఆ గనుల ఊళ్లోనే పెట్టండి, బెంగళూరు, హైదరాబాదు గ్యాలరీలు తర్వాత చూసుకోవచ్చు.