లెక్కలో ఉన్నాం, ప్రశ్నలో లేం

మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానిటోరియం 1915లో మొదలైంది. దేశంలో బి.సి.జి. టీకాలకు 1948లో తొలి అడుగు ఇక్కడే పడింది. 1950–55లో చుట్టుపక్కల పల్లెల్లో చేసిన క్షయ అధ్యయనం 1960లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో అచ్చయింది. విలువైన పనే, కాదనం. రోగుల పేర్లు దాచడమూ న్యాయమే. మన ప్రశ్న వేరు. పరీక్షకు కళ్లె ఇచ్చిన పల్లెల్లోంచి మైక్రోస్కోపు ముందు కూర్చున్నదెవరు? ఇవాళ కుప్పంలో మెడికల్ కాలేజీ ఉంది. అయినా డాక్టరు కావడం వేరు, డాక్టరేటు చేయడం వేరు. పుంగనూరు వైపు నుంచి బయోమెడికల్ పిహెచ్.డి.కి పోయిన నన్ను, "ల్యాబు పని మీవాళ్లకు కష్టం గదా" అన్నాడొక పెద్దాయన. తరతరాలుగా కష్టం మాది, జబ్బూ మాదే. దేన్ని పరిశోధించాలో తేల్చేచోట మాత్రం మేం లేం. అక్కడ కూర్చోడానికే ఈ డాక్టరేటు.