నీళ్ల లైన్లో గ్యాస్

2014 జూన్ 12న మా భిలాయి స్టీల్ ప్లాంట్‌లో విషవాయువు ఆరుగురి ప్రాణాలు తీసింది. పంప్ హౌస్‌లో నీటి ప్రెషర్ పడిపోవడంతో నీళ్ల లైన్లోకి బ్లాస్ట్ ఫర్నేస్ గ్యాస్ ఎదురెక్కింది. అందులోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ ఉండదు, వాసనా ఉండదు. డ్రాయింగులో అది నీళ్ల పైపే. ఆ రోజు గ్యాస్‌కు దారైంది.

సాఫ్ట్‌వేర్‌లో లోపాలు వెతికే సెక్యూరిటీ పరిశోధకులు ఏం చేస్తారని ఎవరైనా అడిగితే నాకు ఆ పైపే గుర్తొస్తుంది. ఇది దేనికి పెట్టారని మనం అడుగుతాం. ఇందులోంచి ఇంకేం పోగలదని వాళ్లు అడుగుతారు.

పిల్లలకు సి ప్రోగ్రామింగ్ చెప్పేటప్పుడు 1988 నవంబరు నాటి మోరిస్ వర్మ్ దగ్గర కాసేపు ఆగుతాను. వర్మ్ అంటే ఒక కంప్యూటర్ నుంచి మరోదానికి తనంతట తానే పాకే ప్రోగ్రాం. యూనిక్స్ కంప్యూటర్లలో ఫింగర్ అనే సర్వీసు ఉండేది. ఫలానా యూజర్ ఎవరని అడిగితే చెప్పేది. వచ్చిన ప్రశ్నను పెట్టుకోవడానికి దానికున్న చోటు 512 బైట్లు. ప్రశ్న ఎంత పొడవుందో మాత్రం కొలిచేది కాదు. కార్నెల్ విద్యార్థి రాబర్ట్ మోరిస్ రాసిన వర్మ్ 536 బైట్లు పంపింది. మిగిలిన 24 బైట్లు పక్కకు పొర్లాయి. ఆ పక్కనే, పని అయ్యాక ఎక్కడికి తిరిగి వెళ్లాలో ప్రోగ్రాం రాసుకున్న చిరునామా ఉంది. అది చెరిగిపోయి, వర్మ్ పంపిన బైట్ల వైపే చూపించే కొత్త చిరునామా పడింది. ప్రశ్నగా లోపలికొచ్చింది ఆజ్ఞగా మారింది. అలా కొలవకుండా చదివే గెట్స్ ఫంక్షన్‌ను సి ప్రమాణంలోంచి తీసేసరికి 2011 వచ్చింది.

మోరిస్ తన వర్మ్‌ను లోకం మీదికి వదిలాడు, కోర్టులో శిక్ష పడింది. పరిశోధకుడు తన దగ్గరున్న మెషీన్ మీదో, అనుమతి ఉన్నచోటో ప్రయత్నించి, సంగతి తయారీదారుకు చెబుతాడు. చెబితే చాలదా, వాడి చూపించడమెందుకు? ఎందుకంటే ఒట్టి మాటకు వచ్చే జవాబు ఎప్పుడూ ఒకటే: అది జరిగే పని కాదు.

2010లో హైదరాబాద్ ఇంజినీరు హరిప్రసాద్‌కు ఎదురైంది ఇదే. ఈవీఎంలను ఎవరూ తారుమారు చేయలేరని ఎన్నికల సంఘం అంటోంది. ఆయన, మిషిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన అలెక్స్ హాల్డర్‌మన్, నెదర్లాండ్స్ నుంచి వచ్చిన రాప్ గాంగ్రైప్ కలిసి ఒక ఈవీఎం విప్పారు. ఫలితం చూపే డిస్‌ప్లే బోర్డు తీసి, అచ్చం అలాంటిదే తాము చేసింది బిగించారు. ఫోన్ నుంచి బ్లూటూత్‌లో చెబితే అది అంకెలు మార్చి చూపించింది. ఎన్నికల్లో మోసం జరిగిందని వాళ్లు నిరూపించలేదు. జరగడానికి దారుందని చూపించారు. ఆ మెషీన్ దొంగసొత్తన్న ఆరోపణతో ఆగస్టులో హరిప్రసాద్‌ను అరెస్టు చేశారు. బెయిల్ మీద వచ్చారు. అదే ఏడాది అమెరికాలోని ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ ఆయనకు పయనీర్ అవార్డు ఇచ్చింది.

ఇది కంప్యూటర్ల వాళ్ల గొడవలే అని మా ఊరివాళ్లు అనుకోవడానికి లేదు. జర్మనీ ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ 2014 నివేదికలో అక్కడి ఒక ఉక్కు కర్మాగారం సంగతి ఉంది. దొంగ ఈమెయిల్‌తో ఆఫీసు నెట్‌వర్క్‌లో దూరినవాళ్లు ప్లాంట్ కంట్రోల్ దాకా వెళ్లారు. బ్లాస్ట్ ఫర్నేస్‌ను పద్ధతిగా ఆపడం వీలుపడక భారీ నష్టం జరిగింది.

అనుమతి లేకుండా కంప్యూటర్లో దూరడాన్ని మన ఐటీ చట్టం ఒప్పుకోదు. ఉండాల్సిన చట్టమే. కాకపోతే లోపం చెప్పడానికి వచ్చినవాణ్ని, దోచుకోవడానికి వచ్చినవాణ్ని ఒకే గాటన కడితే మొదటివాడు నోరు మూసుకుంటాడు. రెండోవాడు ఎలాగూ చెప్పడు.